ఎపిడారస్ రంగస్థలం: గొంతుకూ రాతికీ కుదిరిన పొత్తు

నాటక కళాకారులు, నాటకాభిమానులు కూడిన సభలో చేసిన ప్రసంగం. రాలేకపోయినవారు చదువుకోవడానికి ధ్వనిముద్రణ నుంచి అక్షరీకరించినది.

సభకు నమస్కారం. వేదిక మీద ఉన్న పెద్దలకు, ఎదురుగా కూర్చున్న నటీనటులకు, దర్శకులకు, రంగాలంకరణ, దీపాలు, శబ్దం చూసుకునే మిత్రులకు, నాటకం ఉందంటే చాలు పని మానుకుని వచ్చే ప్రేక్షకులకు అందరికీ నమస్కారం.

ఈ రోజు నేను ఒకే ఒక్క రంగస్థలం గురించి మాట్లాడతాను. గ్రీసు దేశంలో, పెలొపొనీస్ ద్వీపకల్పంలో, ఆర్గోలిస్ అనే ప్రాంతంలో, కినోర్టియన్ అనే కొండ వాలు మీద ఉన్న ఎపిడారస్ రంగస్థలం అది. క్రీస్తు పూర్వం నాలుగో శతాబ్దం చివరి భాగంలో కట్టిన ఆ రాతి మెట్ల మీద ఇప్పటికీ ప్రతి వేసవిలోనూ వేలమంది కూర్చుంటారు. వారి ఎదుట సొఫోక్లీజ్ నాటకమో, యురిపిడీజ్ నాటకమో, అరిస్టోఫనీజ్ ప్రహసనమో జరుగుతుంది. లోకంలో పాత కట్టడాలకు కొదవ లేదు. మన దగ్గరా లేదు. కానీ ఏ పని కోసం కట్టారో ఆ పనికే నేటికీ ఉపయోగపడుతున్న కట్టడాలు ఎన్ని? దేవాలయాలు కొన్ని ఉన్నాయి, చెరువులు కొన్ని ఉన్నాయి. నాటకశాలలు ఎన్ని? ఆ ప్రశ్నే నన్ను ఎపిడారస్ దగ్గరకు తీసుకువెళ్లింది.

నాటకం వాళ్లం కాబట్టి ముందు మన భరతముని దగ్గర మొదలుపెడదాం. నాట్యశాస్త్రం రెండో అధ్యాయంలో ఆయన మనుషుల కోసం కట్టే నాట్యమండపానికి కొలతలు చెప్పాడు. పొడవు 64 మూరలు, వెడల్పు 32 మూరలు. అందులో సగం రంగానికీ నేపథ్యానికీ పోతుంది. మిగిలిన సగంలో ప్రేక్షకులు కూర్చోవాలి. అంటే చివరి ప్రేక్షకుడికీ రంగానికీ మధ్య దూరం సుమారు 48 అడుగులు. అంతకు మించి కట్టవద్దని ఆయన గట్టిగానే చెప్పాడు. ఎందుకు? మండపం మరీ పెద్దదైతే నాట్యం అవ్యక్తమైపోతుంది, పాఠ్యం వినిపించదు, ముఖంలోని భావం కనిపించదు. మండపం కొండగుహలా ఉండాలి, గాలి జోరుగా వీచకూడదు, అప్పుడే గొంతు గంభీరంగా పలుకుతుంది అని కూడా అన్నాడు. ఇది నటుడి కష్టం తెలిసినవాడు చెప్పిన మాట.

ఇప్పుడు ఎపిడారస్ చూడండి. పైకప్పు లేదు. గోడలు లేవు. చుట్టూ పైన్ చెట్లు, ఎదురుగా లోయ, దూరంగా కొండలు. 55 వరుసల మెట్లు, 13,000 నుంచి 14,000 మంది కూర్చునే చోటు. అన్నిటికంటే పై వరుసలో కూర్చున్న మనిషి నటుడికి దాదాపు 60 మీటర్ల దూరంలో, అంటే రమారమి 200 అడుగుల దూరంలో ఉంటాడు. భరతుడు గీసిన గీతకు నాలుగింతలు. గుహ కావాలని ఆయన అంటే, వీళ్లు ఆకాశం కింద కట్టారు. అయినా అక్కడ మాట వినిపిస్తుంది. ఎలా వినిపిస్తుంది? ఈ ప్రసంగంలో నేను చెప్పదలచుకున్నదంతా ఈ ఒక్క ప్రశ్న చుట్టూనే తిరుగుతుంది.

దానికి ముందు, అది అక్కడ ఎందుకు ఉందో చెప్పాలి. ఎపిడారస్ రంగస్థలం ఒక నగరం మధ్యలో లేదు. అది వైద్యదేవుడైన అస్క్లేపియస్ క్షేత్రంలో ఒక భాగం. నయంకాని రోగాలతో బాధపడేవాళ్లు గ్రీకు లోకం నలుమూలల నుంచి ఆ క్షేత్రానికి వచ్చేవారు. స్నానం చేసి, పూజ చేసి, అబటోన్ అనే పొడవాటి మండపంలో రాత్రి నిద్రించేవారు. కలలో దేవుడు కనిపించి నయం చేస్తాడని, లేదా ఏం చేయాలో చెబుతాడని వారి నమ్మకం. ఎవరికి ఏ రోగం ఎలా తగ్గిందో చెక్కిన రాతి పలకలు తవ్వకాలలో దొరికాయి, నేటికీ చదవవచ్చు. మన ఊళ్లలో దేవుడి సన్నిధిలో రాత్రి నిద్ర చేసే మొక్కు తెలిసినవారికి ఇది కొత్తగా అనిపించదు. నాలుగేళ్లకొకసారి అక్కడ అస్క్లేపియస్ ఉత్సవాలు జరిగేవి. ఆటల పోటీలు, సంగీత పోటీలు ఉండేవి. వాటికి వచ్చే జనం కోసం, చికిత్సకు వచ్చి నాలుగు రోజులు ఉండే రోగుల కోసం, వారి వెంట వచ్చిన బంధువుల కోసం ఈ రంగస్థలం.

వైద్యానికీ నాటకానికీ సంబంధం ఏమిటని ఎవరైనా అడగవచ్చు. గ్రీకులకు ఆ సంబంధం సహజంగానే కనిపించింది. క్రీస్తు పూర్వం 420 ప్రాంతంలో అస్క్లేపియస్ ఆరాధన ఏథెన్స్ నగరానికి వచ్చినప్పుడు, గుడి కట్టేదాకా ఆ దేవుణ్ణి తన ఇంట్లో ఉంచుకున్నది నాటకకర్త సొఫోక్లీజ్ అని ఒక సంప్రదాయ కథనం ఉంది. విషాద నాటకం చూసి జాలి, భయం అనుభవించి మనసు తేలికపడుతుందని అరిస్టాటిల్ చెప్పిన మాట మనలో చాలామంది చదువుకున్నదే. ఆయన రాసిన శతాబ్దంలోనే ఈ రంగస్థలమూ లేచింది.

ఇక్కడ ఒక విషయం గుర్తుంచుకోండి. ఈస్కిలస్, సొఫోక్లీజ్, యురిపిడీజ్, గ్రీకు విషాద నాటకకర్తలైన ఈ ముగ్గురిలో ఒక్కరూ ఎపిడారస్ రంగస్థలాన్ని చూడలేదు. ఆఖరి ఇద్దరూ క్రీస్తు పూర్వం 406 ప్రాంతంలోనే పోయారు. వారి నాటకాలు మొదట ఆడింది ఏథెన్స్‌లోని డయొనైసస్ రంగస్థలంలో. అంటే ఎపిడారస్ కట్టేనాటికే ఆ నాటకాలు పాత నాటకాలు. పాత నాటకాన్ని మళ్లీ ఆడటం అనే పని అక్కడ నేడు మొదలైంది కాదు.

కట్టినవాడు పోలిక్లీటస్ అని క్రీస్తు శకం రెండో శతాబ్దంలో గ్రీసు అంతా తిరిగి రాసిన పౌసానియస్ అనే యాత్రికుడు చెప్పాడు. ఆడంబరంలో రోమన్ల రంగస్థలాలు మిన్న, పరిమాణంలో మెగలోపొలిస్‌లోనిది మిన్న, కానీ పొందికలోనూ అందంలోనూ పోలిక్లీటస్‌తో పోటీపడగల శిల్పి ఎవరు అని ఆయన అడిగాడు. పొందిక అన్నాడు. ఆ పొందిక ఏమిటో కాస్త దగ్గరగా చూద్దాం.

మధ్యలో ఒక పూర్తి వృత్తం ఉంటుంది. దాన్ని ఆర్కెస్ట్రా అంటారు. వాద్యబృందం కాదు, బృందగానం చేసే కోరస్ ఆడి పాడే నేల. అడ్డంగా సుమారు 20 మీటర్లు. రాళ్లు పరచలేదు, గట్టిగా దిమ్మిస చేసిన మట్టి నేల. చుట్టూ రాతి అంచు, నడిమధ్యన ఒక గుండ్రని రాయి. ఆ వృత్తం చుట్టూ చేటను కొండకు ఆనించి పెట్టినట్టు మెట్ల వరుసలు పైకి విచ్చుకుంటాయి. మెట్లకూ వృత్తానికీ మధ్య రాతి కాలువ ఉంది. వాన పడితే కొండ మీది నీరంతా అందులోకి దిగి బయటకు పోతుంది. ఇన్ని శతాబ్దాలు ఆ నేల కుంగకుండా నిలవడంలో ఆ కాలువ పాత్ర తక్కువది కాదు. మనం రంగస్థలాలు కట్టించేటప్పుడు అన్నిటికంటే చివర ఆలోచించేది నీరు ఎటు పోతుందన్నదే కదా!

కింద 34 వరుసలు, మధ్యలో అడ్డంగా ఒక నడక దారి, పైన 21 వరుసలు. కింది భాగాన్ని మెట్ల దారులు 12 ముక్కలుగా, పై భాగాన్ని 22 ముక్కలుగా విడదీస్తాయి. 21, 34, 55 అనే ఈ మూడు అంకెలు చూసి గణితం వచ్చినవారు ఉప్పొంగిపోతారు. అవి ఫిబొనాచి వరుసలోని అంకెలు, అంటే పక్కపక్కనున్న రెండు అంకెలను కూడితే తర్వాతిది వచ్చే వరుస. అందులో స్వర్ణ నిష్పత్తి దాగి ఉందని పుస్తకాల్లో తరచూ కనిపిస్తుంది. అయితే పై 21 వరుసలు క్రీస్తు పూర్వం రెండో శతాబ్దంలో తర్వాత చేర్చినవని చాలామంది పరిశోధకుల అభిప్రాయం. వేరువేరు కాలాల్లో కట్టిన రెండు భాగాలను కలిపి ఒక రహస్య సూత్రం తీయడం నాకు సబబుగా తోచదు. శిల్పి గొప్పతనం చూపడానికి ఆ రహస్యం అవసరం లేదు, అంతకంటే స్పష్టమైనది కంటి ముందే ఉంది.

అదేమిటంటే, మెట్ల వరుసలన్నీ ఒకే కేంద్రం నుంచి గీసిన వృత్తాలు కావు. కింది భాగంలో మధ్య ఎనిమిది ముక్కలకు కేంద్రం ఆర్కెస్ట్రా నడిబొడ్డు. రెండు చివర్లలో ఉన్న రెండేసి ముక్కలను మాత్రం వేరే కేంద్రాల నుంచి, కాస్త పెద్ద వ్యాసార్ధంతో గీశారు. దాంతో ఆ చివరి ముక్కలు లోపలికి ముడుచుకోకుండా కొంచెం బయటకు విప్పారాయి. పక్కన కూర్చున్న ప్రేక్షకుడికి దాని వల్ల ఎదురు మెట్ల మీది జనం కాక రంగం సరిగ్గా కనిపిస్తుంది. పక్క సీట్ల వాడి మెడ నొప్పి గురించి ఆలోచించిన శిల్పి అతడు. పక్క సీటు టికెట్టు కొని సగం నాటకం తెర పక్క నుంచి చూసినవారు ఈ సభలో ఎంతమంది ఉన్నారో నాకు తెలుసు.

ఒక్క మెట్టును దగ్గరగా చూడండి. సున్నపురాయి. ముందు భాగం కూర్చోవడానికి. దాని వెనక భాగం కొద్దిగా పల్లంగా చెక్కి ఉంటుంది. ఆ పల్లం వెనక వరుస వాడి పాదాల కోసం. అంటే వెనకవాడి కాళ్లు ముందువాడి బట్టలకు తగలవు. మెట్టు ముందు ముఖాన్ని కూడా లోపలికి వంపు తిరిగేలా చెక్కారు, కూర్చున్నవాడు కాళ్లు వెనక్కి ముడుచుకోవడానికి వీలుగా. పెద్దలకు, పూజారులకు కేటాయించిన వరుసలలో మాత్రం వీపు ఆనించుకునే రాతి ఆసనాలు ఉంటాయి. మిగిలినవారందరికీ ఒకే రాయి, ఒకే ఎత్తు. పండితుడికీ పశువుల కాపరికీ ఆ రాయే.

వృత్తం వెనక స్కీనీ అనే కట్టడం ఉండేది. రెండంతస్తులు, ముందు స్తంభాల వరుస, ఇరుపక్కల పైకి ఎక్కే వాలు దారులు. వేషాలు మార్చుకునేది అక్కడే, రాజభవనం తలుపులు తెరుచుకునేది అక్కడే. దానికి నేడు పునాదులే మిగిలాయి. రోమన్ల కాలంలో చాలా గ్రీకు రంగస్థలాలను మార్చివేశారు. వృత్తాన్ని సగానికి కోసి, ఎత్తయిన వేదికలు, గోడలు కట్టారు. కొన్నిచోట్ల మృగాలతో, మల్లులతో పోరాటాలకు వాడారు. ఎపిడారస్‌లో ఆ వృత్తం చెక్కుచెదరలేదు. క్షేత్రం లోయలో మూలగా ఉండటం, గుడులు మూతపడ్డాక మెట్ల మీద కొండ మట్టి పేరుకుపోవడం, ఈ రెండూ దానిని కాపాడాయి. క్రీస్తు పూర్వం 86లో రోమన్ సేనాని సుల్లా ఆ క్షేత్రపు సంపద దోచుకుపోయాడు. ఆ తర్వాతి శతాబ్దాలలో దాడులు జరిగాయి, పాత దేవుళ్ల ఆరాధన నిషిద్ధమైంది, ఆరో శతాబ్దంలో భూకంపాలు వచ్చాయి. దోచుకోవడానికి బంగారం ఉంది కానీ మెట్లను ఎవరు దోచుకుంటారు? మట్టి కింద అవి అలాగే ఉండిపోయాయి.

రాయి ఏం చేస్తుంది, నటుడు ఏం చేయాలి

ఇప్పుడు మన ప్రశ్నకు వద్దాం. 200 అడుగుల దూరానికి మాట ఎలా వినిపిస్తుంది?

ఎపిడారస్ వెళ్లిన ప్రతి పర్యాటకుడికీ ఒక వేడుక చూపిస్తారు. మార్గదర్శి వృత్తం మధ్యనున్న రాతి మీద నిలబడి ఒక నాణెం జారవిడుస్తాడు, కాగితం చింపుతాడు, అగ్గిపుల్ల గీస్తాడు. పై వరుసలో కూర్చున్నవారు వినిపించిందంటూ చేతులు ఊపుతారు. గుసగుస కూడా పై వరుసకు వినిపిస్తుందని రాసిన పుస్తకాలు ఉన్నాయి. ఇది ఎంతవరకు నిజం?

2007లో అమెరికాలోని జార్జియా టెక్‌లో పనిచేస్తున్న బెల్జియం శాస్త్రవేత్త నికో డెక్లెర్క్, సిండీ డెకైజర్‌తో కలిసి ఒక పరిశోధన ప్రచురించాడు. వరుసలుగా ఉన్న మెట్లే ఒక వడపోతలా పనిచేస్తాయని, సుమారు 500 హెర్ట్జ్‌ల కంటే, అంటే సెకనుకు 500 కంపనాల కంటే, తక్కువ ఉన్న మంద్ర ధ్వనులను అవి అణచివేస్తాయని, పై స్థాయి ధ్వనులను ప్రేక్షకుల వైపు తిప్పి పంపుతాయని వారు లెక్కకట్టారు. జనం గుసగుసలు, ఆకుల మీద గాలి చేసే హోరు ఎక్కువగా ఆ మంద్ర స్థాయిలోనే ఉంటాయి. అవి తగ్గితే మాట స్పష్టంగా తేలుతుంది. మరి మగ గొంతు మూలస్వరం కూడా ఆ కింది స్థాయిలోనే ఉంటుంది కదా, అదీ పోతుంది కదా అని సంగీతం తెలిసినవారు అడుగుతారు. పోతుంది. కానీ మూలస్వరంతో పాటు పుట్టే పై స్వరాలు వినిపిస్తే చాలు, లేని మూలస్వరాన్ని మన మెదడే పూరించుకుంటుంది. టెలిఫోన్‌లో మాట్లాడినప్పుడూ ఇదే జరుగుతుంది, అవతలి మనిషి గొంతులోని అడుగు స్వరం తీగ వెంట రాకపోయినా మనకు ఆ గొంతు గొంతులాగానే వినిపిస్తుంది.

పదేళ్ల తర్వాత, 2017లో, నెదర్లాండ్స్‌లోని ఐండ్‌హోవెన్ సాంకేతిక విశ్వవిద్యాలయం పరిశోధకులు పరికరాలు పట్టుకుని అక్కడికే వెళ్లి, మెట్ల మీద వందలాది చోట్ల కొలతలు తీసుకున్నారు. వారు తేల్చినది వినండి. నాణెం శబ్దం, కాగితం చిరిగే శబ్దం పైదాకా ఏదో శబ్దంగా అందుతాయి, కానీ అది నాణెమని, కాగితమని గుర్తుపట్టగలిగేది సగం మెట్ల వరకే. అగ్గిపుల్ల అంత దూరం కూడా రాదు. గుసగుసలోని మాట అర్థమయ్యేది ముందు వరుస వారికే. పై వరుసదాకా మాట మాటగా అందాలంటే నటుడు గొంతు ఎత్తి, గట్టిగా, స్పష్టంగా పలకాలి.

ఈ ఫలితం వచ్చినప్పుడు పత్రికలు పాత కథ బూటకమైందని రాశాయి. నాకు మాత్రం ఈ ఫలితం ఎంతో సంతోషాన్నిచ్చింది. ఎందుకు? గుసగుసను పై వరుసకు మోసుకుపోయే మాయ రాతిలో ఉంటే, అక్కడ నటుడి అవసరం ఏముంది? రాయి చేయగలిగినంత చేసింది. ఏటవాలు సుమారు 26 డిగ్రీలు, కాబట్టి ముందువాడి తల వెనకవాడికి అడ్డు రాదు, చూపుకూ అడ్డు లేదు, గొంతుకూ అడ్డు లేదు. గట్టి నేల శబ్దాన్ని పైకి తిప్పుతుంది. మెట్లు హోరును తగ్గిస్తాయి. మిగిలిన సగం పని నటుడిది. శ్వాస పట్టి, పదం విరిచి, అక్షరం చివరిదాకా వదలకుండా పలికే శిక్షణ ఉన్నవాడికే ఆ రంగస్థలం లొంగుతుంది. ఆనాటి నటులు ముఖమంతా కప్పే ముసుగులు తొడుక్కుని, ముగ్గురే నటులు అన్ని పాత్రలూ మోస్తూ, పదిహేనుమంది కోరస్ వెంట పలికారు. కంటి కదలిక 200 అడుగుల దూరానికి కనిపించదని వారికి తెలుసు. అందుకే బరువంతా గొంతు మీద, దేహం నిలిచే తీరు మీద పెట్టారు.

ఇది మన తెలుగు నటులకు పరాయి విద్య కాదు. మైకు రాకముందు మన పద్యనాటక నటుడు ఏం చేశాడు? ఊరి బయట ఖాళీ జాగాలో పందిరి వేసి, పెట్రోమాక్స్ దీపాల వెలుగులో, హార్మోనియం శ్రుతి మీద పద్యం ఎత్తుకుంటే ఆఖరున బండి మీద కూర్చున్నవాడికి సమాసం ఎక్కడ విరిగిందో తెలిసేది. ఆ గొంతులు గాలికి పుట్టలేదు, ఏళ్ల తరబడి సాధన చేస్తే వచ్చాయి. మైకు వచ్చాక మనం ఆ సాధన వదిలేశాం. వదిలేసి, పాత హాళ్లు బాగా లేవంటున్నాం. హాలు బాగుండటం అవసరమే, నేను కాదనను. కానీ ఏ హాలూ గొంతులేని నటుడికి గొంతు పెట్టదు.

మట్టి కింద నుంచి మళ్లీ రంగం మీదికి

1881లో ఏథెన్స్ పురావస్తు సంఘం తరఫున పనాయిస్ కవ్వాదియాస్ ఆధ్వర్యంలో తవ్వకాలు మొదలై రంగస్థలం బయటపడింది. బయటపడిన వెంటనే అక్కడ నాటకం ఆడలేదు. అర్ధ శతాబ్దానికి పైగా అది చూసిపోయే శిథిలంగానే ఉంది. 1938 సెప్టెంబరులో గ్రీసు జాతీయ నాటకశాల, దిమిత్రిస్ రొందిరిస్ దర్శకత్వంలో, సొఫోక్లీజ్ ఎలెక్ట్రాను అక్కడ ప్రదర్శించింది. ఎలెక్ట్రా పాత్రలో కతీనా పాక్సినూ. ఆమె తర్వాత హాలీవుడ్‌లో ఆస్కార్ బహుమతి కూడా అందుకున్నారు. దీపాలు లేవు, కట్టిన రంగాలంకరణ లేదు, పగటి వెలుగులో నాటకం జరిగింది. చుట్టూ ఉన్న కొండలే తెర.

ఆ తర్వాత యుద్ధం, ఆక్రమణ, కరువు, అంతర్యుద్ధం. గ్రీసు ఆ పదేళ్లలో పడిన బాధ చిన్నది కాదు. అంత దెబ్బతిన్న దేశం కోలుకుంటూ మొదట చేసిన పనుల్లో ఒకటి ఏమిటో తెలుసా? 1954లో యురిపిడీజ్ హిప్పోలిటస్‌తో ఒక ప్రయత్నం చేసి, 1955లో ఎపిడారస్ నాటకోత్సవం ప్రారంభించడం. ప్రారంభ నాటకం హెక్యుబా. దర్శకుడు అలెక్సిస్ మినోతిస్, హెక్యుబాగా మళ్లీ పాక్సినూ. యుద్ధంలో భర్తను, పిల్లలను, రాజ్యాన్ని పోగొట్టుకున్న ముసలి రాణి కథ అది. యుద్ధంలో బిడ్డలను పోగొట్టుకున్న తల్లులు మెట్ల మీద కూర్చుని ఆ కథ చూశారు.

1960లో ఒపెరా గాయని మరియా కల్లాస్ అక్కడ బెల్లీని ఒపెరా నోర్మా పాడారు, మరుసటి ఏడు కెరుబీని ఒపెరా మెడియా. నోర్మా మొదటి రాత్రి వాన వచ్చి ప్రదర్శన ఆగిపోయింది. పైకప్పు లేని రంగస్థలానికి వాన కూడా ఒక పాత్రధారి, దాన్ని ఒప్పుకునే అక్కడికి వెళ్లాలి. 1975లో దర్శకుడు కారోలోస్ కూన్ తన ఆర్ట్ థియేటర్ బృందంతో అరిస్టోఫనీజ్ రాసిన పక్షులు నాటకం తెచ్చారు. అదే ప్రదర్శనను 1959లో ఏథెన్స్‌లో ఒక్క రాత్రి ఆడనిచ్చి ప్రభుత్వం నిషేధించింది. నిషేధించిన నాటకం పదహారేళ్ల తర్వాత దేశంలోని అత్యంత పవిత్రమైన రంగస్థలం మీదికి వచ్చింది. 1982లో బ్రిటన్ జాతీయ నాటకశాల పీటర్ హాల్ దర్శకత్వంలో ఈస్కిలస్ ఒరెస్టియాను అందరూ మగ నటులతో, ముసుగులతో, ఇంగ్లీషులో ఆడింది. 2020లో మహమ్మారి కాలంలో, దూరం దూరంగా కూర్చున్న కొద్దిమంది ప్రేక్షకుల ముందు ఈస్కిలస్ రాసిన పర్షియన్లు నాటకం ఆడి, ఆ ప్రదర్శనను అక్కడి నుంచి ప్రపంచమంతటికీ ప్రత్యక్ష ప్రసారం చేశారు. యుద్ధంలో ఓడిన శత్రువు ఇంట్లోని దుఃఖాన్ని గెలిచినవాడు రాసిన నాటకం అది.

ఇన్ని ప్రదర్శనలు జరిగితే రాయి అరిగిపోదా? అరుగుతుంది. 1988లో ఆ క్షేత్రం యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరింది. వాడుకోవడమా, కాపాడుకోవడమా అనే వాదం గ్రీసులో ఎప్పుడూ నడుస్తూనే ఉంటుంది. వారు కనుగొన్న దారి నియమాల దారి. ఎత్తు మడమల చెప్పులతో మెట్లెక్కనివ్వరు, ఎందుకంటే సన్నటి మడమ కింద మనిషి బరువంతా పడితే సున్నపురాయి పెచ్చులూడుతుంది. పొగ తాగడం, తినుబండారాలు నిషిద్ధం. రంగాలంకరణ ఎంత బరువు ఉండాలో, నేలకు ఎలా ఆనాలో పురావస్తు అధికారులు చూసి ఒప్పుకోవాలి, మేకు కొట్టడానికి వీల్లేదు. ప్రదర్శనలు వేసవిలో, ఎక్కువగా జులై ఆగస్టుల్లో, వారాంతపు రాత్రులకే పరిమితం. మిగిలిన రోజుల్లో ఆ రాయికి విశ్రాంతి. ఇలాంటి నియమాలు దర్శకుడికి చేతులు కట్టేసినట్టు అనిపిస్తాయి. కానీ మూడు తలుపులు, ఒక వృత్తం, పదిహేనుమంది మనుషులు ఉంటే చాలని అక్కడ ఆడిన మంచి ప్రదర్శనలన్నీ చెబుతున్నాయి.

ఈ మధ్య కొన్ని ప్రదర్శనల్లో నటులు చిన్న మైకులు తగిలించుకుంటున్నారు. దాని మీద అక్కడ గట్టి విమర్శలు వస్తున్నాయి. నా అభిప్రాయం అడిగితే, మైకు పెట్టిన రోజున ఎపిడారస్ అందమైన మైదానమే అవుతుంది. శబ్దం నటుడి నోటి నుంచి కాక పక్కనున్న పెట్టె నుంచి వస్తే, పోలిక్లీటస్ వేసిన ఆ వాలుతో, ఆ మెట్లతో పని ఏముంది?

ఇక ఆఖరుగా, మన ఇంటి సంగతి. మన తెలుగు నేల మీద కూడా ఒక పురాతన ఆరుబయలు రంగస్థలం ఉంది. నాగార్జునకొండ లోయలో, ఇక్ష్వాకుల రాజధాని విజయపురిలో, క్రీస్తు శకం మూడు నాలుగు శతాబ్దాల నాటిది. నాలుగు వైపులా మెట్లు, మధ్యలో దీర్ఘచతురస్రపు ఆటస్థలం. నాగార్జునసాగర్ కట్టేటప్పుడు లోయ మునిగిపోతుందని తెలిసి, 1954 నుంచి 1960 వరకు ఆర్. సుబ్రహ్మణ్యం గారి నాయకత్వంలో విస్తారంగా తవ్వకాలు జరిపి, ఆ కట్టడాన్ని జలాశయం ఒడ్డున అనుపులో తిరిగి నిలబెట్టారు. అక్కడ జరిగింది నాటకాలా, మల్లయుద్ధాలా, సంగీత సభలా అన్నదాంట్లో పండితులకు ఏకాభిప్రాయం లేదు. అది గ్రీకు వృత్తం కాదు, కొండవాలూ కాదు, చోటు మారిన కట్టడం కూడా. ఎపిడారస్‌తో దానిని తూచడం న్యాయం కాదు. అయినా నాలుగు వైపుల నుంచీ ప్రేక్షకులు చూసే రంగం మన వీధి భాగవతులకు పుట్టినప్పటి నుంచీ తెలిసిన రంగం. అక్కడ నిలబడి పద్యం ఎత్తుకుంటే ఏ మెట్టు దాకా పదం తెగకుండా వెళుతుందో మనవాళ్లే కొలిచి చూడాలి.

కాబట్టి ఈ సభలో ఉన్న నాటక సమాజాల వారికి నాదొక విన్నపం. పురావస్తు శాఖ వారి అనుమతి అడుగుదాం, వారు పెట్టే ప్రతి నియమానికీ తలవంచుదాం. 1938లో రొందిరిస్ చేసినట్టే దీపాలు లేకుండా, రంగాలంకరణ లేకుండా, మైకు లేకుండా, చలికాలపు సాయంకాలం ఎండ ఉండగానే ముగిసే చిన్న ప్రదర్శన ఒకటి అనుపులో వేద్దాం. శ్రుతికి హార్మోనియం ఒక్కటి చాలు. నటులు మాత్రం ఇప్పటి నుంచే రోజూ ఆరుబయట నిలబడి గొంతు సాధన చేయాలి, ఎదుటివారు నూరు అడుగుల దూరంలో నిలబడి ఏ అక్షరం పోయిందో రాసుకోవాలి. ముందుకు వచ్చేవారు సభ ముగిశాక వేదిక పక్కన కలవండి. ఏ నాటకం తీసుకోవాలో, దరఖాస్తు ఎవరు రాయాలో ఈ పూటే కూర్చుని తేల్చుకుందాం. సెలవు.